తల నడుమ రేవు

నాయనా సాదికీ,

అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ, నీ కూతురు సివేమా కులాసాగానే ఉన్నాం. మ్వాంజాలో నీ ఒళ్ళూ, చేపల ఫ్యాక్టరీలో నీ పనీ బాగున్నాయనుకుంటాను. ఫోన్లో అయితే "అమ్మా, ఛార్జింగ్ అయిపోతోంది" అని పెట్టేస్తావు. ఉత్తరానికి ఆ బాధ లేదు.

రేకులు కారుతున్నాయా అని అడిగావు. వంటింటి మీద కారుతున్నాయి, కింద గిన్నె పెట్టాను. వడ్లు పర్వాలేదు, అడవిపందులు తిన్నంత తిని మనకీ కాస్త వదిలాయి. రంజాన్ వెళ్ళాక కొత్త సంబంధం ఖాయం చేసుకోనా అని కూడా అడిగావు. దానికి చివర్న జవాబు చెబుతాను.

సివేమకి మూర్ఛలు తగ్గడం లేదని దారెస్సలామ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తల ఫోటో తీయించాను. తలలో నడిమధ్యన థాలమస్ అని ఒకటి ఉందట. అక్కడ మచ్చ కనిపించింది. "చిటికెన గోరంత లేదు, దీనికి ఒళ్ళంతా ఎందుకు కొట్టుకుంటుంది?" అని డాక్టరమ్మని అడిగాను.

"మీ ఊళ్ళో ఏరు దాటించే పంటు ఆగిపోతే ఏమవుతుంది, బీబీ?" అంది.

"ఇటు ఒడ్డూ అటు ఒడ్డూ ఒకటే గోల."

"ఇదీ అంతే. తలలో రెండు సగాలకీ అది రేవు. రేవు చెడితే రెండు వైపులా ఒక్కసారే చెలరేగుతాయి."

పంటు నడిపినవాడివి, నాకంటే నీకే బాగా అర్థమవుతుంది. మాత్రలు మార్చింది. రెండు నెలల్లో ఒక్కసారే పడింది. నోటి నురగ తగిలితే రోగం అంటుకుంటుందని ఇరుగుపొరుగు దూరంగా పరిగెత్తారు. నేనే పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మళ్ళీ బడికి వెళ్తోంది.

ఇక అసలు మాట. "చిన్నప్పుడు మలేరియా తలకెక్కిందా? ఎన్నాళ్ళు స్పృహ లేదు?" అని అడిగింది డాక్టరమ్మ. ఒక పూట అన్నాను. ఆవిడ మళ్ళీ ఫోటో వైపు చూసింది. సిగ్గేసి, రెండు రోజులన్నాను.

నువ్వప్పుడు ఊళ్ళో లేవు. సివేమకి మూడేళ్ళు. జ్వరంలో పిల్ల కొట్టుకుంటుంటే నీ భార్య ఆషురా ఎత్తుకుని ఆసుపత్రికి బయల్దేరింది. ఇది జ్వరం కాదు, పిల్లల్ని పట్టే దెగెదెగె దెయ్యం, సూది పడితే పిల్ల చచ్చిపోతుందని నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను. ఏనుగు పేడ పొగ వేశాను. మా అమ్మ నాకూ అదే చేసింది మరి. రెండో రోజు సాయంత్రం ఆషురా నన్ను తోసుకుని వెళ్ళిపోయింది. అందుకే పిల్ల బతికింది.

ముందే తెస్తే మచ్చ పడేది కాదా అంటే డాక్టరమ్మ "చెప్పలేం" అంది. ఆషురా వంశం నుంచి వచ్చిన రోగం మాత్రం కాదంది. ఆ మాట మీదే కదా పెద్దల్ని కూర్చోబెట్టి ఆమెని పుట్టింటికి పంపేశావు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

మొన్న పంటు మీద ఏరు దాటి ఆషురా దగ్గరికి వెళ్ళాను. వడ్లు దంచుతోంది. అంతా చెప్పాను.

"నాకెందుకు చెబుతున్నారత్తయ్యా? నేనూ అక్కడే ఉన్నాగా" అంది, రోకలి ఆపకుండా.

"మరి పెద్దల ముందు ఎందుకు చెప్పలేదే?"

"మీ అబ్బాయి నన్నేమీ అడగలేదు. మా వంశం గురించే అడిగాడు."

తరవాత, సివేమ మాత్రలు ఏ వేళకి వేసుకుంటుందని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

నేను పిలిస్తే రాదు, సాదికీ. ఆ కొత్త సంబంధం మానుకుని, వచ్చి నువ్వే పంటు ఎక్కు. పెద్దల్ని మళ్ళీ కూర్చోబెడతాను. ఈసారి మాట్లాడేది నేను.

ఇట్లు,
తలుపుకి అడ్డం నిలబడిన
మీ అమ్మ