టీ రంగు ఆకాశం

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ సంగతి మీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. యార్క్‌లో ఆ ఊరి నీటిరంగుల బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు, రెండొందల ఏళ్ల నాటివి మొదలుకొని. చివర్లో మీరు వేసిన చర్చి బొమ్మ!

పాత బొమ్మల్లో ఆకాశమంతా మట్టిరంగే. బొగ్గు పొగట. పోనుపోను పొగ తగ్గి ఆకాశం నీలమైంది. ఆఖర్న మీదొక్కటే మళ్లీ మట్టిరంగు.

బొమ్మలు చూపిస్తున్న పెద్దావిడ దాని ముందు ఆగి, "ఈయన పాత చిత్రకారుల్ని ఎంత శ్రద్ధగా చూశారో! ఆ పొగను మళ్లీ గుర్తుచేశారు" అంది. అందరూ తలలూపారు.

నేను నేలచూపులు చూశాను. ఆ బొమ్మ వేసిన రోజు నది ఒడ్డున నీళ్లనుకుని నా టీలో కుంచె ముంచి, "బాగానే ఉందోయ్" అంటూ ఆకాశమంతా పులిమేశారు కదా! షెఫీల్డ్‌లో మన ఇల్లు చేరేదాకా మీతో మాట్లాడలేదు నేను.

మన అమ్మాయి నా చెవిలో, "మమ్, ఈజ్ దట్ యువర్ టీ?" అంది.

"ష్, చెప్పకే" అన్నాను. ఇద్దరం నవ్వాపుకోలేక బయటపడ్డాం.

తర్వాత కెఫేలో టీ తెచ్చుకుని, మీరు పక్కనే ఉన్నట్టు, కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.