తిరగేయని చేప

అమ్మకు దణ్ణాలు. నేను బాగున్నాను, వేళకు అన్నం తింటున్నాను.

నిన్న సెలవని మిల్లు పిల్లలమంతా ఇక్కడి డేగు ఊరి బజారులో కాల్చిన కానాగంత చేప తిన్నాం. అచ్చం మన వంటింటి వాసన. పైవైపు అయిపోగానే, నా పక్క మగ్గం మల్‌సుక్ అక్క చేపను తిరగేయబోయింది. గభాల్న ఆమె చెయ్యి పట్టుకుని, “తిరగేయకక్కా, పడవ బోల్తా పడుతుంది!” అని అరిచాను. అందరూ పగలబడి నవ్వారు. “ఓసి పిచ్చిదానా, ఈ కొండల మధ్య పడవెక్కడిదే?” అంది అక్క. తర్వాత నా మొహం చూసి, తనే నడిమి ముల్లు ఊడదీసి, అచ్చం నీలాగే కింది కండ నా గిన్నెలో పెట్టింది. బియ్యపు కల్లు మాత్రం నేను ముట్టలేదు. ఆ పొద్దునే రేడియోలో మన దీవుల వైపు తుపాను అని చెప్పారు మరి.

ఎండు నెత్తళ్లు కాసిని పంపు, ఇక్కడివి ఉప్పు కషాయం. తమ్ముడి దగ్గు తగ్గిందా? నాన్న పడవ ఒడ్డుకు చేరిందా? ఆ ఒక్క ముక్క ముందు రాయి.

చోటైపోయింది. అవతలి వైపు అడ్రసు ముందే రాసిపెట్టుకున్నానమ్మా, ఈ కార్డును కూడా మళ్లీ తిరగేయకూడదని.

నీ ఓక్‌బున్