లైమన్ వాడెల్ వేయని ఓటు

బ్రిగ్స్ పొలం, అయోవా
1889 మార్చి 4

అమ్మాయి లూసిండాకు, శాసనసభలో మీ నాన్నకి ఎదుటి బల్లన కూర్చున్న ఏసా బ్రిగ్స్ ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. నువ్వూ పిల్లలూ కులాసా అని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. కోర్టు హాల్లో మన కౌంటీ శాసనసభ్యుల పటాల వరసలో మీ నాన్నది పెట్టనివ్వడం లేదన్నావు. పదో తారీకున పెద్దలు మళ్లీ కూర్చుంటారట. "మా నాన్న అమ్ముడుపోయాడా లేదా, అదొక్కటి చెప్పండి చాలు" అని అడిగావు. చెబుతాను.

మీ నాన్న నాకు స్నేహితుడేం కాదు. ఆయన బ్యాంకు యజమాని, నేను మొక్కజొన్న రైతుని. ఆయన అవునంటే నేను కాదనేవాణ్ణి. "నీకంటే నీ ఎద్దులు నయమయ్యా బ్రిగ్స్, అప్పుడప్పుడైనా తలూపుతాయి" అని ఎగతాళి చేసేవాడు.

డెబ్బై రెండు చలికాలంలో, రైలు మీ మేపుల్‌ఫోర్డ్ మీదుగా వెళ్లాలని ఒక బిల్లు వచ్చింది. తెచ్చిందే మీ నాన్న. ఓటింగు ముందురోజు ఆయన బసకి వెళ్లి, మా ఆవిడ థర్జాకి ఒంట్లో బాగాలేదు, ఇంటికి పోవాలి అన్నాను. మా సభలో ఒక మర్యాద ఉంది. ఒక పక్షం వాడు ఊరికి పోవాల్సివస్తే ఎదుటి పక్షంలో ఒకడు తన ఓటూ ఆపుకుంటాడు. కాగితం ఉండదు, నోటిమాటే. "ముందు ఆమెని చూసుకో. నీ ఓటు లేకపోతే నాదీ లేదు, సరేనా" అన్నాడు. ఇంటి సంగతి, ఎవరికీ చెప్పొద్దని కూడా అడిగాను. సరేనన్నాడు.

మర్నాడు అటు నలభై ఎనిమిది, ఇటు నలభై ఎనిమిది పడ్డాయట. సమానమైతే బిల్లు పోయినట్టే. గుమస్తా మీ నాన్న పేరు రెండుసార్లు పిలిచినా ఆయన పలకలేదట.

రైలు పక్క ఊరికి పోయింది. దాని వెంటే మిల్లు పోయింది, కొట్లు పోయాయి, చివరికి ఆయన బ్యాంకూ మూతపడింది. రైలువాళ్లు ఆయన్ని కొనేశారని ఊరంతా అన్నారు. మంగలి కూడా "రైలు ఎన్నింటికండీ, లైమన్ గారూ" అనేవాడు. చర్చిలో ఆయన బెంచీ మీద ఇంకెవరూ కూర్చోకపోవడం నువ్వే చూశావు.

ఆయన అమ్ముడుపోలేదమ్మా. నాకిచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఈ ఉత్తరం పెద్దలముందు చదివించు.

ఇట్లు,
ఏసా బ్రిగ్స్

తా.క. కవరు అంటించబోతుంటే థర్జా తీసుకుని చదివింది. "నాకెప్పుడు జబ్బు చేసింది?" అంది. ఆ ఏడే కౌంటీ సంతలో మీ నాన్న కూడా "జబ్బు తగ్గిందా అమ్మా" అని అడిగాడట. "నాకేం జబ్బండీ, గుండ్రాయిలా ఉన్నాను" అందట ఈవిడ. ఆ రోజు ఆయన నా దగ్గరికీ వచ్చి, చేయి కలిపి, పందుల ధర అడిగి వెళ్లాడు. అప్పటికే తెలుసన్నమాట. పదిహేడేళ్లు, కన్నుమూసేదాకా, ఎవరితోనూ అనలేదు.

మా పక్షం రైలు వద్దంది, నా రైతులు కావాలన్నారు. ఎటు ఓటేసినా నా సీటు పోయేది. అందుకని అబద్ధమాడి తప్పుకున్నాను, ఆయన ఓటునీ పట్టుకుపోయాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇది కూడా చదివించు, ఇక్కడ కత్తిరించకు.

గోడ మీద చోటు లేదంటారేమో. కిటికీ పక్కన మూడో పటం నాది. అది దించేసి, ఆ మేకుకే మీ నాన్నది తగిలించమను.