మామయ్యగారి పంతులమ్మ

నరీన్‌లోని అత్తయ్యకు,

మీ కోడలు మేరిమ్ వంగి నమస్కరించి రాస్తున్నది. బిష్కెక్‌లో మేమంతా కులాసా. మీ మోకాళ్లు కూడా కులాసాగా ఉన్నాయని తలుస్తాను. ఫోన్‌లో చెబుదామంటే మామయ్య పక్కనుంచి లాక్కుంటారు, అందుకే ఈ ఉత్తరం.

మీరు పెరుగు ఎండబెట్టి చేసి పంపిన కురుత్ ఉండలు అందాయి. ఆఫీసు శిక్షణకని వచ్చి మా ఇంట్లో ఉంటున్న మామయ్య సరిగ్గా తింటున్నారా అని అడిగారు. సగం ఉండలు ఆయనే నమిలేశారు. "శిక్షణలో ఆయన్ని సతాయిస్తున్న ఆ పంతులమ్మ ఎవరే?" అని కూడా అడిగారు. అత్తయ్యా, అది నేనే. మీకు చెప్పొద్దని మామయ్య ఒట్టు వేయించుకున్నారు. ఇక దాచడం నా వల్ల కాదు.

పాతికేళ్లుగా ఆఫీసు సర్వర్లను కంటికి రెప్పలా చూసుకున్న మనిషి ఆయన. ఇప్పుడు వాటన్నిటినీ ఒకేచోట కూర్చుని నడిపే కొత్త కంప్యూటర్ పనిముట్టు వచ్చింది. దాని పరీక్ష తప్పితే సర్వర్ గది తాళాలు ఇంకొకరి చేతిలో పెట్టి పక్కకు తప్పుకోవాలి. ఆ దిగులు మీదాకా రానివ్వలేదు.

ఇక నా తిప్పలు వినండి. కోడలు మామగారికి వీపు చూపకూడదాయె, పేరు పలకకూడదాయె. బోర్డు దాకా అడ్డంగా నడిచేదాన్ని. హాజరు పిలిచేటప్పుడు "కిటికీ పక్క పెద్దాయన" అంటే క్లాసంతా పడీ పడీ నవ్వేది. ఆయన మాత్రం ఒక్కో సర్వర్‌నూ తెరిచి చేత్తోనే సరిచేసేవారు. "పాతికేళ్లుగా ఇట్లే చేస్తున్నా. నీ పనిముట్టు మీద నాకు నమ్మకం లేదమ్మా" అనేవారు. నలుగురిలో ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

పోయిన ఆదివారం ఇంట్లో టీ పోస్తున్నాను. మన పద్ధతే కదా, గిన్నెకు సగమే. వేడినీళ్ల కోసం మాటిమాటికీ వంటింట్లోని సమోవర్ దగ్గరికి లేచి వెళ్తుంటే ఆయన విసుక్కున్నారు.

"ఎన్నిసార్లు తిరుగుతావే? సమోవర్ తెచ్చి ఇక్కడే పెట్టుకోరాదూ!"

"మీరు మాత్రం ఒక్కో సర్వర్ చుట్టూ తిరగడం లేదా మామయ్యా?"

ఆయన టీ గిన్నె కింద పెట్టారు. "అబ్బో, నోరు బాగానే లేచింది! అచ్చం మీ అత్త పోలికే" అని నవ్వి, "ఏదీ, ఆ పాఠం మొదట్నుంచి చెప్పు" అన్నారు.

నిన్న పరీక్ష జరిగింది. కావాలని పాడుచేసి ఇచ్చిన సర్వర్లన్నిటినీ ఆయన ఒక్క ఆదేశంతో లేపి నిలబెట్టారు. మిగతావాళ్లు ఇంకా కుస్తీ పడుతూనే ఉన్నారు. మొదటి స్థానం మన మామయ్యదే! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను, కోప్పడకండి. ఫలితాలు నేనే చదవాలి. మొదటి పేరు ఆయనదే. మామగారి పేరు నా నోటితో ఎలా పలకను? హాలంతా ఎదురుచూస్తోంది. అప్పుడు మామయ్యే లేచి నిలబడ్డారు.

"ఇంట్లో నా కోడలివి. ఇక్కడ నా గురువువి. అందరికీ వినపడేటట్టు చదువమ్మా!"

చదివాను అత్తయ్యా. జుమాకదిర్ అని గట్టిగా చదివాను! హాలు చప్పట్లతో మారుమోగింది. ఆయన కళ్లు తుడుచుకున్నారు, నేనైతే అక్కడే ఏడ్చేశాను.

వచ్చే వారం మామయ్య అక్కడ బస్సు దిగుతారు. తాళాలు ఇక ఆయన జేబులోనే ఉంటాయి. పెళ్లయిన నాటినుంచి మీరూ ఆయన్ని "ఏమండీ" అనే పిలుస్తున్నారు కదా. గుమ్మంలోకి రాగానే ఒక్కసారి పేరు పెట్టి పిలిచి చూడండి. ఎంత బాగుంటుందో!

ఇట్లు,
మీకు కోడలు, మామయ్యకు పంతులమ్మ,
మేరిమ్