మిన్ను ఎడమ చెవి

డిసెంబర్ 4
మహారాజశ్రీ డైరీ గారి దివ్య సముఖమునకు. డిగ్రీ చదివినవాడిని, నీలో దేశకాల పరిస్థితుల మీద రాస్తానని మాటిచ్చాను. ఇక చీము, దూది, కట్లు రాయబోతున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. తప్పు నాది కాదు. ఆరేళ్ల మేనకోడలు మిన్ను ఎడమ చెవిది.
ఇవాళ నిజామాబాద్‌లో ఆపరేషన్. చీము చెవి వెనక ఎముకలోకి దిగిందట. మూడు గంటలు అక్క ఆపరేషన్ గది తలుపునే చూసింది. నేను ఒక్క జోకూ వేయలేదు... అదొక రికార్డు.

డిసెంబర్ 6
తలంతా కట్టు. అద్దం చూపించాను. "మామా, పెండ్లికొడుకు లెక్కున్న!" అని నవ్వింది— కుట్లు లాగి వెంటనే ఏడ్చింది. నవ్వించడం నిషేధం. నా కొలువు పోయింది.
కొత్త ఒప్పందం: నేను కనుబొమ్మ ఎగరేస్తే తను వేలెత్తాలి. నవ్వినట్టే లెక్క.

డిసెంబర్ 8
బోధన్ వచ్చేశాం. ఆజ్ఞలు: తలకు నీళ్లు వద్దు, ముక్కు చీదొద్దు, తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. బీడీలు చుట్టే ఇంట్లో గాలి నిండా తుమ్ములే. అక్క తంబాకు చాట ఎత్తుకుని పక్కింటి అరుగు మీదికి పోయింది.
బావ ట్రాక్టర్ లోడులోంచి చెరుకు గడ తెచ్చాడు. నమలొద్దన్నారు. "నాకు గాదా బాపూ?" బావ గడ భుజానేసుకుని మళ్లీ బయటికి... రసంతో వచ్చాడు.

డిసెంబర్ 14
కుట్లు విప్పారు. తిరుగు బస్సులో అక్క— "ఆర్నెల్లు చెవిల ఎల్లిగడ్డ నూనె పోసుకుంట కూసున్న రా. అప్పుడే తీస్కపోతే..."
మిన్నును ఆమె ఒళ్లోంచి నా ఒళ్లోకి తీసుకున్నాను.

జనవరి 2
చెవిలో దూది తీశారు. వినబడుతుందా? నెలాఖరు పరీక్షలో తెలుస్తుందట. లేదంటే చెవి మిషనో, ఇంకో ఆపరేషనో. ఆ మాటకు అక్క గోడ పట్టుకుంది.

జనవరి 11
మిన్ను కుడి చెవిని అరచేత్తో మూసి, వెనక నుంచి— "చాక్లెట్!" తిరగలేదు.
అలిగి ఉంటుంది.

జనవరి 27
పాస్! "మంచిగ ఇంటుంది. ఆర్నెల్లకు రండ్రి" అన్నాడు డాక్టర్. బస్టాండులో అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాడకట్టంతా లడ్డూలు పంచింది. నాకు రెండు. రెండూ మిన్ను చేతిలో పెట్టేశాను.

జనవరి 30
మిన్నును ముందు బెంచీలో కూర్చోబెట్టమని ఆపరేషనప్పుడు డాక్టర్ బడికి రాసిచ్చిన చీటీ అక్క వెనక్కి తెచ్చేసింది. "బాగైంది గదా, ఇంకేంటికి?"

ఫిబ్రవరి 3
టీచర్ మూడుసార్లు పిలిచినా పలకలేదట. గంటసేపు నిలబెట్టారట. అక్క చెయ్యి చేసుకుంది— "ఇనబడ్తది గద నీకు! మొండితనం గాకపోతే ఏంది?" మిన్ను ఏడవలేదు. నా వైపు చూసింది.
"ఏందిరా, నువ్వు గూడ గమ్మునున్నవ్?" అంది అక్క.

అదే రోజు, మళ్లీ
డైరీ గారూ, మొదటి పేజీలో అడిగిన క్షమాపణ ఉత్తది. అసలుది ఇప్పుడు.
పరీక్ష రోజు. అద్దాల గదిలో మిన్ను, హెడ్‌ఫోన్ పెట్టుకుని. శబ్దం వినగానే వేలెత్తాలి. కుడి చెవికి టకటకా ఎత్తింది. ఎడమ చెవికొచ్చేసరికి వేలు ఒళ్లోనే. ఇవతల బటన్ నొక్కే అమ్మాయి, ఆమె వెనక నేను. పక్క కుర్చీలో అక్క— కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ. మిన్ను నన్నే చూస్తోంది... చదవని ప్రశ్న వచ్చినట్టు.
ఆ అమ్మాయి బటన్ నొక్కిన ప్రతిసారీ కనుబొమ్మ ఎగరేశాను.