పైకప్పు కదలకుండా

తమ్మీ,

నీకు నా మూలకణాలు ఇచ్చినందుకు ఇప్పటికీ ఏడాదికోసారి నన్ను హైదరాబాద్ ఆసుపత్రికి పరీక్షకు రమ్మంటారు. నువ్వు లేకపోయినా నా పరీక్ష మాత్రం ఆగలేదు. నిన్న కూడా మంచిర్యాలలో పొద్దున్నే రైలెక్కి పోయాను. మోకాళ్లు ఒకటే పీకుడు.

అక్కడ నా పక్క కుర్చీలో మందమర్రి ఆయన కూర్చున్నాడు. మనలాగే బొగ్గుబాయి మనిషి. బిడ్డకు నీలాగే బ్లడ్ క్యాన్సర్.

"కణాలు ఎక్కించే ముందు కిరణాలు పెడ్తరట అన్నా, ఎముకల మూలుగకే ఎక్కువ తగిలేటట్టు. గదేందో నాకు సమజ్ కాలే" అన్నాడు.

నీకైతే ఒళ్లంతా పెట్టారు. బాయిలో పైకప్పు కూలకుండా బొగ్గుకు మందు పెట్టి పేల్చేవాడివి కదా, ఆ రోజు డాక్టరును నీ తీరులోనే అడిగావు: "సారూ, బొగ్గుకే మందు పెట్టరాదు? పైకప్పెందుకు కదిలిస్తరు?" డాక్టరుకు అర్థం కాలేదు. నేనేమో నిన్ను కసిరాను. తర్వాత జబ్బు పోయింది గానీ ఆ కిరణాలకు నీ ఊపిరితిత్తులు నిలవలేదు.

ఆయనకు నీ మాటే చెప్పాను. "బొగ్గుకే మందు పెడ్తరు. పైకప్పు జర తక్కువ కదులుతది."

ఆయన మొహం తేటపడింది. "గిట్ల చెప్తె సమజైతది! ఎవరు చెప్పిండ్రన్నా?"

"మా తమ్ముడు. వానికి గిదే జబ్బు."

"ఇప్పుడెట్లున్నడు?"

అంతలోనే లోపల నుంచి బిడ్డ పేరు పిలిచారు. "పో, పిలుస్తున్నరు" అన్నాను.

లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మీ తమ్మున్ని అడిగినట్టు చెప్పన్నా."

చెప్తానన్నాను. అందుకే ఈ ఉత్తరం.