గట్టు మీదుగా పరిగెత్తినందుకు

నవంబరు 11
కోచ్ సార్‌కి సంజాయిషీ రాసివ్వాలి. అందులో ఏం రాయాలో తేలడం లేదు. అందుకే ముందు ఇక్కడ రాసుకుంటున్నాను. విశ్వవిద్యాలయాల జాతీయ క్రాస్ కంట్రీ పోటీలో మా జట్టు లెక్కలోకే రాలేదు. నా వల్ల.

ఆరుగురం దిగాం. నలుగురైనా పూర్తి చేస్తేనే జట్టు. ఇద్దరు మధ్యలోనే కడుపు పట్టుకుని కూలబడ్డారు. మిగిలింది నలుగురం. అందులో దారి తప్పానని నన్ను తీసేశారు.

రైలు ఆలస్యం. ముందురోజు దారి చూపించే వేళకు మేమింకా దిగనే లేదు. పరుగు మొదలైన కాసేపటికి, మలుపు తిరగగానే — దారి గుర్తుకు పాతిన జెండాల మధ్య పచ్చని మొలక. సాళ్లు సాళ్లుగా. ముందున్నవాళ్లు తొక్కుకుంటూ పోయారు. నా కాళ్లు గట్టెక్కాయి. ఆలోచించలేదు. చుట్టూ తిరిగి మళ్లీ జెండాల్లోకి వచ్చాను. అందరికంటే ఎక్కువే పరిగెత్తాను. ఎవరో ఈల వేశారు. నాకు కాదనుకున్నాను.

రెండో చుట్టుకు ఆ మొలకంతా నలిగి బురదైంది. అప్పుడు దాని మీదే పరిగెత్తాను.

నవంబరు 12
అది పశువుల మేత గడ్డి అట. మర్నాడు కోసేదేనట.

నవంబరు 13
సార్ పిలిచారు.
"దావ కనపళ్ళేదని రాయి మా. సాలు."
"కనపడింది సార్."
"కనపడి కూడా పక్కకు పోయినావంటే, క్యాంపుకు నీ పేరెట్ల పంపేది? నన్నడగరా?"
సోమవారం దాకా గడువిచ్చారు.

ఆ శిక్షణ క్యాంపు లేకపోతే ఆటగాళ్ల హాస్టల్లో సీటు లేదు. హాస్టల్ లేకపోతే చదువు లేదు. మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టేది నేనొక్కదాన్నే.

నవంబరు 14
మా జట్టులో రేణుకక్కకు ఇది చివరి ఏడాది. ఇంకో పోటీ లేదు. వచ్చేటప్పుడు రైల్లో ఒక్కసారే మాట్లాడింది — "ఏమ్మే, మీ నాయన చేనా అది? సుట్టు తిరిగి పోతివే!" అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. ఈరోజు మెస్సులో నన్ను చూసి పళ్లెం తీసుకుని వేరే బల్ల దగ్గరికి పోయింది.

నాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.
"మొలకనా? తొక్కలేదు కదా?"
"లేదు నాయనా."
"మంచి పని చేసినావు."
ఎన్నో స్థానం అని అడగలేదు. అలా మెచ్చుకోకుండా తిట్టి ఉంటే బాగుండేది.

నవంబరు 15
కళ్యాణదుర్గం బస్సు. అక్కడినుంచి ఆటో. ఇల్లు.

నవంబరు 16
వేరుశనగ పోయింది. వాన ఎగ్గొట్టింది, కాయ పట్టలేదు. నాయనే గొర్రెలాయన్ని పిలిచి చేన్లోకి మందను తోలించాడు. విత్తినప్పటినుంచి కాకిని కూడా వాలనివ్వని మనిషి, గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. నేను పక్కన నిలబడ్డాను.

"ఇంగేముండాది. పరిగెత్తు పో మా, ఈడనే. అడ్డమెవురు?"

చెప్పులు విడిచి ఒక సాలు దిగాను. ఎండిన మొక్క కాలికింద పటపటమంది. మళ్లీ గట్టెక్కాను. నాయన నా వైపు చూడలేదు.

అమ్మ అప్పుడే చిన్నమ్మతో మాట్లాడిందట — "రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టేకాడ ఆడపిల్లోళ్లు కావాలంట. పరుగుతో ఏమొచ్చె?"

నవంబరు 17
హాస్టల్‌కు వచ్చాను. సంజాయిషీ రాశాను. ఒక ప్రతి ఇక్కడ.

సార్, దారి కనపడింది. జెండాలూ కనపడ్డాయి. మొలక తొక్కలేక గట్టు మీదుగా పోయాను. నియమం తప్పాను. జట్టు నష్టపోయింది, ముఖ్యంగా రేణుక. మళ్లీ అలాంటి చోటు వస్తే ఏం చేస్తానో నాకు తెలియదు.

ఆ చివరి మాట కొట్టేశాను... మళ్లీ రాశాను.

క్యాంపుకు నా పేరు పంపుతారో లేదో ఈ నెల ఇరవై ఐదు లోపల చెప్పండి సార్. పంపకపోతే ఆ మర్నాడు నన్ను తీసుకుపోవడానికి మా నాయన వస్తాడు.